గడప దగ్గర ఆగిపోయే పెద్దవాళ్ళు

"పెద్దవాళ్ళకి తగ్గట్టు ఇల్లు మార్చడానికి డబ్బుంటే చాలు కదండీ" అని చాలామంది అడుగుతున్నారు. మా ఇంటి సంగతే చెబుతా, వినండి.

మాది యర్రగొండపాలెం. అమ్మకి 74 ఏళ్ళు, మోకాళ్ళు వంగవు. మన వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువని తెలుసు కదా. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు హద్దు. అంతకు బాగా ఎక్కువున్న నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే కీళ్ళు, వెన్ను బిగుసుకుపోతాయి. మరుగుదొడ్డేమో దొడ్లో ఆ మూలన. గొంతుక్కూర్చునే రకం. కిందటేడు వానల్లో రాత్రిపూట పోతూ నాపరాళ్ళ మీద జారిపడింది. మణికట్టు విరిగింది. అప్పటికిగానీ నాకు బుద్ధి రాలేదు.

ముందు అరుగుకి ర్యాంపు కట్టించా. ఒక అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవుండాలని లెక్క. మా అరుగు రెండడుగులు, అంటే 24 అడుగులు కావాలి. మా వీధే అంత లేదు! మేస్త్రీ ఆరడుగుల్లో కట్టేశాడు. దాని మీద బండి ఎక్కుతుంది, అమ్మ ఎక్కలేదు. పగలగొట్టించి ఆరంగుళాల మెట్లు నాలుగు కట్టించా.

గోడకి పట్టుకునే కడ్డీ బిగిద్దామంటే, మట్టితో కట్టిన పాత రాతిగోడ. మేకు నిలవలేదు. చివరికి నేలలో గుంట తీసి, కాంక్రీటు పోసి ఇనప పైపు పాతించాం. గడప తీయనివ్వలేదు, లక్ష్మి అంది. సరే, రెండువైపులా చెక్కతో వాలు పెట్టించా. పసుపూ బొట్టూ అలాగే ఉన్నాయి.

ఇవన్నీ ఒక ఎత్తు, కమోడ్ కుర్చీ ఒక ఎత్తు. తెచ్చి గదిలో పెడితే "నన్నప్పుడే మంచాన పడేస్తన్నావా?" అని రెండ్రోజులు మాట్లాడలేదు. తప్పు నాదే, అడక్కుండా తెచ్చా. తర్వాత కూర్చుని అడిగితే ఏం తేలిందో తెలుసా? పడ్డ దగ్గర్నుంచి పొద్దుగూకితే నీళ్ళు తాగడం మానేసిందంట, రాత్రి లేవాల్సి వస్తుందని. అన్ని నెలలు ఒకే ఇంట్లో ఉండి నేను గమనించలేదు.

ఇప్పుడు వంటింటి వెనకాలే కమోడ్ కట్టించాం, దారికి రేకులు వేసి. పైపు ఎంత ఎత్తున కావాలో అమ్మే చెయ్యి పెట్టి చూపించింది, నేను బలపంతో గీత గీశా. ఆ కుర్చీ మాత్రం అటక మీదుంది.

మీ ఇంట్లో పెద్దవాళ్ళని ఈ రాత్రికి ఒక్క మాట అడగండి: అన్నం తిన్నాక నీళ్ళెన్ని తాగారు అని. ఏం చెప్పారో కామెంట్లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కమోడ్ ఎత్తు గురించి మాట్లాడుకుందాం. ఉంటానండి.