బానెట్ కింద మంటలు చెలరేగిన పాత కారు: బాగు చేయించాలా, వదులుకోవాలా?

కొన్ని నిమిషాల మంట పాత కారు యజమానిని రెండు ప్రశ్నల ముందు నిలబెడుతుంది. ఈ కారు మళ్లీ రోడ్డెక్కుతుందా? ఎక్కితే అందులో కుటుంబాన్ని కూర్చోబెట్టడం క్షేమమేనా? మొదటి ప్రశ్నకు ఏ షెడ్డులోనైనా ‘అవును’ అనే జవాబు దొరకవచ్చు. రెండో ప్రశ్నకు జవాబు దొరకాలంటే మంట ఎక్కడ పుట్టిందో ముందు తేలాలి. ఆ సంగతి తేలకుండా కాలిన తీగలకు టేపు చుట్టి, బానెట్‌కు రంగు వేయిస్తే, మంట పుట్టించిన కారణం అలాగే మిగిలిపోతుంది.

ఉదాహరణకు మారుతి 800ను తీసుకుందాం. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన ఈ కారు తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. దేశంలో 25 లక్షలకు పైగా అమ్ముడైంది. దీనికి తోబుట్టువు వంటి సుజుకి మెహ్రాన్ పాకిస్థాన్‌లో 2019 వరకు తయారైంది. ఇటువంటి కార్లలో ఎలక్ట్రానిక్ పరికరాలు తక్కువ. పాత నమూనాల్లో ఇంధనాన్ని కార్బ్యురేటరే అందిస్తుంది. అందువల్ల మరమ్మతు కొంత సులువు. అయితే మారుతి 800లలో చివరగా తయారైన కారుకు కూడా పదేళ్లు దాటాయి. రబ్బరు గొట్టాలు, తీగల తొడుగులు అంతకాలం వేడిని భరించి పెళుసెక్కి ఉంటాయి.

మంట ఎక్కడ పుడుతుంది?

ఇంజిన్ మంటలకు ప్రధాన మూలాలు రెండు: ఇంధనం, విద్యుత్తు.

పెట్రోలు స్వభావమే ప్రమాదకరమైనది. ఉష్ణోగ్రత సున్నాకు 40 డిగ్రీల దిగువన ఉన్నా, రవ్వ తగిలితే అంటుకునేంత ఆవిరిని అది విడుదల చేస్తుంది. ఇంధన పంపు నుంచి కార్బ్యురేటర్‌కు వెళ్లే గొట్టం పగిలినా, దాని క్లిప్పు వదులైనా చుక్కలు ఇంజిన్ మీద పడతాయి. పాతబడిన స్పార్క్ ప్లగ్ తీగ నుంచి ఎగసే చిన్న రవ్వ చాలు, మంట పుడుతుంది. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు ఇప్పుడు దేశమంతటా అమ్ముతున్నారు. కొన్ని పాత వాహనాల్లో రబ్బరు భాగాలను, గాస్కెట్లను మార్చవలసి రావచ్చని కేంద్ర పెట్రోలియం మంత్రిత్వ శాఖ 2025లో తెలిపింది. ఈ దృష్ట్యా పాత గొట్టాల తనిఖీ మరింత అవసరం.

రెండోది విద్యుత్తు. చాలా పాత కార్లలో తర్వాత అమర్చిన పెద్ద హారన్లు, అధిక వాటేజీ బల్బులు, మ్యూజిక్ సిస్టమ్ ఉంటాయి. 60 వాట్ల బల్బులు రెండు వెలిగితే 12 వోల్టుల వ్యవస్థలో 10 ఆంపియర్ల కరెంటు ప్రవహిస్తుంది. వాటి స్థానంలో 100 వాట్ల బల్బులు పెడితే అది దాదాపు 17 ఆంపియర్లకు చేరుతుంది. తీగ మాత్రం పాతదే. తరచూ ఫ్యూజు పోతోందని ఎక్కువ సామర్థ్యమున్న ఫ్యూజు పెడితే, ఫ్యూజు కంటే ముందు తీగే వేడెక్కి కాలుతుంది. ఎలుకలు కొరికిన తీగలు, బానెట్ కింద మరచిపోయిన గుడ్డ, వేడి మానిఫోల్డ్ మీద కారే ఇంజిన్ ఆయిల్ లేదా బ్రేక్ ఆయిల్ కూడా కారణాలు కావచ్చు.

కడగడానికి ముందే చూడవలసినవి

మంట ఆరాక చాలామంది చేసే పొరపాటు తాళం తిప్పి చూడడం. తొడుగు కాలిన తీగలు ఒకదానికొకటి తగిలితే మళ్లీ నిప్పు రాజుకుంటుంది. ముందుగా బ్యాటరీ నెగెటివ్ తీగ తొలగించాలి. ఆ తర్వాత బ్యాటరీనే బయటకు తీయాలి. కారును తోలుకు వెళ్లరాదు, మరో వాహనం మీద ఎక్కించి తరలించాలి.

కడిగే ముందు అన్ని వైపుల నుంచి ఫోటోలు తీయాలి. ఇవి బీమా సర్వేయరుకు, మెకానిక్‌కు ఇద్దరికీ ఉపయోగపడతాయి. మంట సాధారణంగా పుట్టిన చోటు నుంచి పైకి, పక్కలకు విస్తరిస్తుంది. కాబట్టి అన్నిటికంటే కింద, అన్నిటికంటే లోతుగా కాలిన చోటును మొదట పరీక్షించాలి. అక్కడ ఇంధన గొట్టం ఉందా, తీగల కట్ట ఉందా అన్నదాన్ని బట్టి తర్వాతి వెతుకులాట సాగుతుంది. లోహం కూడా కొంత సమాచారం ఇస్తుంది. అల్యూమినియం 660 డిగ్రీల వద్ద కరుగుతుంది. ఆ లోహపు భాగాలు కరిగి ముద్దకట్టి ఉంటే అక్కడి వేడి ఎంతటిదో ఊహించవచ్చు.

మంటను ఆర్పిన పొడిని కూడా తేలికగా తీసుకోరాదు. ఏబీసీ రకం ఆర్పే సాధనాల్లో ఉండే పొడి తేమ తగిలితే లోహాన్ని తినేస్తుంది. ఆలస్యం చేయకుండా దాన్ని పూర్తిగా తొలగించాలి. ఎయిర్ ఫిల్టర్ దారిలో పొడి చేరి ఉంటే, అది పోయేదాకా ఇంజిన్ తిప్పరాదు. కాలిన పీవీసీ నుంచి వెలువడే ఆమ్ల వాయువు కూడా లోహాన్ని తుప్పు పట్టిస్తుంది. కొన్ని రకాల రబ్బరు సీళ్లలో ఫ్లోరిన్ ఉంటుంది. అవి తీవ్రమైన వేడికి కరిగి నల్లటి జిగురులా మారితే అందులో చర్మాన్ని లోతుగా గాయపరిచే ఆమ్లం ఉండవచ్చు. తగిన చేతి తొడుగులు లేకుండా వాటిని తాకరాదు.

కంటికి కనిపించని నష్టం

తీగల కట్టలో కాలిన భాగం తెలుస్తూనే ఉంటుంది. దాని పక్కనున్న భాగమే మోసం చేస్తుంది. అక్కడ తొడుగు పైకి బాగానే ఉన్నట్టు కనిపించినా లోపల గట్టిపడి, రాగి నల్లబడి ఉంటుంది. తొడుగు ఒలిచినప్పుడు మెరిసే రాగి కనిపించే వరకు తీగను కోసివేయాలి. నష్టం ఎక్కువగా ఉంటే ముక్కలు అతికే బదులు ఇంజిన్ వైపు తీగల కట్ట మొత్తం మార్చడమే మేలు. ఫ్యూజు పెట్టె, బ్యాటరీ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ తీగ, ఆల్టర్నేటర్ తీగ కూడా పరీక్షించాలి.

ఇంధన గొట్టాలను, క్లిప్పులను, బానెట్ కింద ఉన్న రబ్బరు భాగాలన్నింటినీ చూడడానికి బాగున్నా మార్చివేయాలి. వీటి విషయంలో పొదుపు తగదు.

బ్రేకుల సంగతి ఇంకా ముఖ్యం. బ్రేక్ ఆయిల్ ఉండే ప్లాస్టిక్ డబ్బా మంటకు త్వరగా మెత్తబడుతుంది. మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు వాషర్లు చెడిపోవచ్చు. ఆయిల్ మొత్తం మార్చి, గాలి తీసి, పెడల్‌ను చాలాసేపు గట్టిగా తొక్కి పట్టి చూడాలి. పెడల్ నెమ్మదిగా కిందికి జారితే ఆ కారు కదలరాదు.

యాక్సిలరేటర్ కేబుల్ లోపల ప్లాస్టిక్ పొర ఉంటుంది. అది కొద్దిగా కరిగినా కేబుల్ ఇరుక్కుని, కాలు తీసినా వేగం తగ్గకపోవచ్చు. బానెట్ గొళ్లెం, దాని స్ప్రింగు పట్టు తప్పితే వేగంలో బానెట్ లేచి అద్దం మీద పడుతుంది. ఈ రెండూ చవకైన భాగాలే. మరిచిపోతే మాత్రం ప్రాణాంతకం.

ఇక ఇంజిన్. దాని పైభాగం అల్యూమినియంతో చేసినదైతే తీవ్రమైన వేడికి వంగవచ్చు. సిలిండర్లలో కంప్రెషన్, రేడియేటర్‌లో పీడనం పరీక్షించి, అనుమానముంటే హెడ్ విప్పి సమతలాన్ని కొలిపించాలి. టైమింగ్ బెల్ట్ మూత కరిగి ఉంటే బెల్ట్ కూడా మార్చాలి. ఇంజిన్‌కు, డ్యాష్‌బోర్డుకు మధ్య ఉండే రేకు గోడలో తీగలు దూరే రంధ్రాల రబ్బరు బిరడాలు కాలిపోతే, మరోసారి పొగ, మంట నేరుగా ప్రయాణికుల వైపు వస్తాయి. రంగు కాలిన రేకును వెంటనే శుభ్రం చేసి ప్రైమర్ వేయకపోతే కొద్ది రోజుల్లోనే తుప్పు మొదలవుతుంది.

ఖర్చు, బీమా, కాగితాలు

విడిభాగాల వేట మొదలుపెట్టే ముందు లెక్క వేసుకోవాలి. విజయవాడ ఆటోనగర్, చెన్నై పుదుపేట, ఢిల్లీ కశ్మీరీ గేట్ వంటి మార్కెట్లలో పాత కార్ల భాగాలు దొరుకుతాయి. తుక్కు కార్ల నుంచి తీసిన తలుపు, రేడియేటర్ పట్టీ వంటివి వాడుకోవచ్చు. తీగలు, ఇంధన గొట్టాలు, బ్రేకు రబ్బరు భాగాలు మాత్రం కొత్తవే కొనాలి.

కేవలం థర్డ్ పార్టీ బీమా ఉంటే సొంత కారుకు జరిగిన అగ్ని నష్టానికి పరిహారం రాదు. సమగ్ర పాలసీ ఉంటే, వాహనం తనంతట తాను అంటుకున్నా అగ్ని నష్టం దాని పరిధిలోకి వస్తుంది. ప్రమాదం సంగతి సంస్థకు వెంటనే తెలపాలి. సర్వేయరు చూసేదాకా భాగాలు విప్పరాదు. ఐదేళ్లు దాటిన కారుకు బీమా విలువను యజమాని, సంస్థ కలిసి నిర్ణయించుకుంటారు. మరమ్మతు ఖర్చు ఆ విలువలో 75 శాతం దాటితే దాన్ని పూర్తి నష్టంగా పరిగణిస్తారు. ఉదాహరణకు బీమా విలువ 60 వేల రూపాయలైతే ఆ హద్దు 45 వేలు. రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు సాధారణంగా సగం ధర కోత పెడతారు.

ఇంజిన్ మార్చితే కొత్త నంబరును రవాణా కార్యాలయంలో నమోదు చేయించి ఆర్‌సీలో రాయించాలి. పాత ఇంజిన్ కొన్న రసీదు దాచుకోవాలి. కారు ఇక పనికిరాదని తేలితే ఆ సంగతిని 14 రోజుల్లోగా గానీ, వీలైనంత త్వరగా గానీ రిజిస్ట్రేషన్ అధికారికి తెలపాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. గుర్తింపు పొందిన తుక్కు కేంద్రానికి అప్పగించి ధ్రువపత్రం తీసుకోవడం మంచిది. లేకపోతే ఆ నంబరుతో ఎవరు ఏమి చేసినా చిక్కు యజమానికే.

మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు

పనంతా అయ్యాక ఇంజిన్‌ను ఆరుబయట, ఇతర వాహనాలకు దూరంగా స్టార్ట్ చేయాలి. ముందు స్పార్క్ అందకుండా చేసి ఇంజిన్ తిప్పి, ఇంధన గొట్టాల వద్ద చుక్క కారుతోందేమో చూడాలి. పక్కన ఒకరు మంట ఆర్పే సాధనంతో నిలబడాలి. బ్యాటరీ తీగను క్షణంలో తీసివేయడానికి వీలుండాలి. పది నిమిషాలు నడిచాక ఇంజిన్ ఆపి, తీగలను, జాయింట్లను పరిశీలించాలి. వంద కిలోమీటర్లు తిరిగాక మరోసారి క్లిప్పులన్నీ బిగించి చూడాలి.

కారు అప్పగించేటప్పుడు మెకానిక్‌ను ఒక ప్రశ్న అడగాలి: ‘మంట ఎక్కడ పుట్టింది? దాన్ని ఎలా సరిచేశారు?’ ఆ చోటును వేలు పెట్టి చూపి, తీసేసిన భాగాన్ని చేతికిస్తే ఆ కారును నమ్మవచ్చు. ‘ఏదో షార్ట్ సర్క్యూట్ అయి ఉంటుంది’ అన్న జవాబు వస్తే మరమ్మతు ఇంకా పూర్తి కాలేదనే అర్థం. తాతగారు కొన్న కారు కావచ్చు, బతుకుతెరువు కావచ్చు. దాని మీద మమకారం ఎంత ఉన్నా, కారణం తేలని కారులో పిల్లలను ఎక్కించకూడదు.