ఇంటి ల్యాప్‌టాప్‌కు బయటి నుండి దారి: పోర్ట్ ఫార్వర్డింగ్

సంక్రాంతికి అనంతపురానికో చిత్తూరుకో వెళ్లిన తరువాత, అవసరమైన పత్రం బెంగళూరు ఇంటిలోని ల్యాప్‌టాప్‌లో ఉండిపోయిందని గుర్తుకు రావడం మన కుటుంబాలలో అరుదు కాదు. ఇంటిలో ఇంటర్నెట్ ఉన్నది, ల్యాప్‌టాప్ నడుస్తూనే ఉన్నది. అయినప్పటికీ బయటి నుండి దానిని చేరుకోవడం సాధ్యపడదు. ఆ దారిని ఏర్పరచే పద్ధతికే పోర్ట్ ఫార్వర్డింగ్ అని పేరు. దానిని ఎట్లు చేయవలెనో తెలిసికొనుటకు ముందు, మీ ఇంటిలో అది పనిచేయునో లేదో, చేయదగినదో కాదో తెలిసికొనుట ముఖ్యము.

ఇంటర్నెట్‌లో సమాచారం చేరుటకు ఐపీ అడ్రస్ అనే సంఖ్యారూప చిరునామా కావలెను. ఐపీవీ4 అనే పాత పద్ధతిలో ఇట్టి చిరునామాలు సుమారు 430 కోట్లు మాత్రమే. ప్రపంచంలోని ఉపకరణాలన్నింటికీ అవి చాలవు. అందువలన ఇంటికంతటికీ ఒకే బహిరంగ చిరునామా ఉంచి, లోపలి ఫోన్లకు, ల్యాప్‌టాప్‌లకు రౌటర్ తానే అంతర్గత చిరునామాలను పంచిపెడుతుంది. 192.168తో మొదలయ్యేవి ఇవే. మీ ల్యాప్‌టాప్‌కు ఉన్న 192.168.1.10 అనే చిరునామా పక్కింటి ఫోనుకు కూడా ఉండవచ్చును. బయటివారికి రెండూ కనబడవు. అపార్ట్‌మెంట్ పేరు మాత్రమే ఉండి ఫ్లాటు నంబరు లేని పార్సిల్ గేటు వద్దనే ఆగిపోయినట్లు, బయటి నుండి తనంతట తానుగా వచ్చిన సమాచారం రౌటర్ వద్దనే ఆగిపోతుంది. 'ఈ సంఖ్య గల పోర్టుకు వచ్చినదానిని ఫలానా ల్యాప్‌టాప్‌కు పంపవలెను' అని రౌటర్‌కు ఇచ్చే ఆదేశమే పోర్ట్ ఫార్వర్డింగ్. పోర్టు అనగా కంటికి కనిపించే రంధ్రం కాదు. 65535 వరకు ఉండే ఒక సంఖ్య మాత్రమే.

మన దేశంలో అనేకుల ప్రయత్నం విఫలమయ్యేది ఒక్క కారణం వలననే. చిరునామాల కొరత ఇళ్లకే కాదు, ఇంటర్నెట్ కంపెనీలకూ ఉన్నది. ఒకే బహిరంగ చిరునామాను కంపెనీ అనేక ఇళ్లకు కలిపి వాడినప్పుడు, మీ రౌటర్‌కు ముందు మరొక గేటు ఉన్నట్లే. ఆ గేటు తాళం మీ చేతిలో ఉండదు. దీనిని తెలిసికొనుట సులభము. రౌటర్ అడుగున ముద్రించిన చిరునామాను, సాధారణంగా 192.168.1.1 లేదా 192.168.0.1ను, బ్రౌజర్‌లో తెరచి, స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ అన్నచోట ఉన్న సంఖ్యను వ్రాసికొనండి. తరువాత, మీ ఐపీ అడ్రస్‌ను చూపే ఏ వెబ్‌సైటునైనా ఆ వైఫై మీదనే తెరవండి. రెండు సంఖ్యలు ఒకటే అయితే ముందుకు సాగవచ్చును. వేరైతే, ప్రత్యేకించి వ్యాన్ ఐపీ 100.64 నుండి 100.127 మధ్య మొదలయితే, కంపెనీ గేటు ఉన్నట్లే. ఎంత శ్రమించినా ఐపీవీ4లో ఈ పద్ధతి ఫలించదు. కంపెనీని అడిగి స్టాటిక్ ఐపీ తీసికొనవలసి ఉంటుంది. దానికి సాధారణంగా అదనపు రుసుము ఉంటుంది. కంపెనీ పరికరానికి మీ సొంత రౌటర్‌ను జతచేసి ఉంటే ఇంటిలోనే రెండు గేట్లు ఉండవచ్చును, అదీ చూసుకొనండి.

దారి ఉన్నదని తేలిన తరువాత పని పెద్దది కాదు. ల్యాప్‌టాప్ అంతర్గత చిరునామా మారుతూ ఉంటే ఆదేశం వ్యర్థమవుతుంది గనుక, రౌటర్‌లో అడ్రస్ రిజర్వేషన్ అనే చోట దానిని స్థిరపరచండి. విండోస్‌లో ర్యాండమ్ హార్డ్‌వేర్ అడ్రస్ అనే ఎంపిక ఆ వైఫైకి ఆపివేసి ఉండవలెను. ఆపై పోర్ట్ ఫార్వర్డింగ్ లేదా వర్చువల్ సర్వర్ అనే పేజీలో బయటి పోర్టు, లోపలి చిరునామా, లోపలి పోర్టు నింపండి. ఇంటిలో రెండు ల్యాప్‌టాప్‌లు ఉండి రెండింటికీ ఒకే సేవ, ఉదాహరణకు 22వ పోర్టుపై నడిచే ఎస్‌ఎస్‌హెచ్, కావలసివస్తే బయటి పోర్టులను 5022, 5023 అని వేరుగా ఇచ్చి, లోపల రెండింటికీ 22నే ఇవ్వవచ్చును. ల్యాప్‌టాప్ ఫైర్‌వాల్‌లోనూ ఆ సేవకు అనుమతి కావలెను. మూత వేయగానే ల్యాప్‌టాప్ నిద్రపోకుండునట్లు సరిచేయడం చాలామంది మరచిపోతారు. పరీక్షను మాత్రం ఇంటి వైఫైపై కాక, మొబైల్ డేటాపై చేయండి. కొన్ని రౌటర్లు లోపలి నుండి తమ బహిరంగ చిరునామాను చేరనీయవు.

తెరచిన దారి మీకొక్కరికే తెలిసి ఉంటుందని భావించరాదు. ఇంటర్నెట్‌లోని చిరునామాలన్నింటినీ వరుసగా తట్టి చూచే ప్రోగ్రాములు రేయింబవళ్లు నడుస్తుంటాయి. విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టు వారికి ప్రీతిపాత్రమైనది. పాస్‌వర్డ్ లేకుండానే చొరబడగల లోపం ఒకటి 2019లో పాత విండోస్‌లలో బయటపడగా, మద్దతు ముగిసిన ఎక్స్‌పీకి సైతం మైక్రోసాఫ్ట్ సవరణ విడుదల చేయవలసివచ్చినది. ఆ పోర్టును నేరుగా తెరవడం మా దృష్టిలో తగని పని. బయటి సంఖ్యను మార్చినంత మాత్రాన రక్షణ కలుగదు. డీఎమ్‌జెడ్ అనే ఎంపిక ల్యాప్‌టాప్‌ను పూర్తిగా వీధిలో నిలబెడుతుంది. దాని జోలికి పోవద్దు. కార్యాలయం ఇచ్చిన ల్యాప్‌టాప్‌కైతే యాజమాన్యం అనుమతి లేక ఏ దారీ తెరవరాదు.

పత్రాలు చూసికొనుటయే అవసరమైతే, వైర్‌గార్డ్ వంటి వీపీఎన్‌ను రౌటర్‌లోనే నడిపి, ఆ ఒక్క పోర్టునే తెరచుట మేలు. తాళంచెవి లేనివారికి అది జవాబే ఇవ్వదు. టెయిల్‌స్కేల్, క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ వంటివి ఏ పోర్టూ తెరవకుండానే, కంపెనీ గేటు ఉన్నచోట కూడా పనిచేస్తాయి. ఎక్కువమంది గృహస్థులకు ఇవే చాలును.

ఊరి నుండి తిరిగి రాగానే ఆదేశాన్ని తొలగించండి. రౌటర్‌ను ఆపి మళ్లీ వేసినా అది పోదు. ఇల్లు మారి రౌటర్‌ను ఇతరులకు అప్పగించేటప్పుడు ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. చొరబాటు వలన సొమ్ము పోయినట్లు గమనిస్తే ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోను చేయగలరు.