తమ్ముడుంటేనే వస్తా!

'బ్యాండులో చేరమంటే చేరతా. కానీ మా తమ్ముణ్ని కూడా తీసుకోవాలి'... పదిహేడేళ్ల కుర్రాడు పెట్టిన షరతు అది. ఇష్టం లేకపోయినా స్నేహితులు ఒప్పుకున్నారు. ఆ ఒక్క షరతు హెవీ మెటల్ సంగీతాన్నే మలుపు తిప్పింది. తండ్రి స్టూడియోలో మొదలై, అమెరికాలో నెంబర్‌వన్ దాకా వెళ్లి, ఓ తుపాకీ మోతతో మూగబోయిన ఆ అన్నదమ్ముల కథే... పాంటెరా!

హెవీ మెటల్ అనగానే చెవులు మూసుకునేవాళ్లే ఎక్కువ. డ్రమ్స్ హోరు, గిటార్ రొద, గొంతు చించుకునే గాయకుడు... ఇంట్లో పిల్లలు పెట్టుకుంటే 'ముందు ఆ సౌండు తగ్గించు' అంటాం. కానీ ఆ హోరు వెనకా ఓ అమ్మా, నాన్నా, ఇద్దరు కొడుకులూ ఉంటే? ఆ కొడుకులు ఒకరిని విడిచి ఒకరు ఉండలేనివాళ్లయితే? అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో ఉన్న ఆర్లింగ్టన్‌కి వెళ్తే అలాంటి కుటుంబం కథ వినిపిస్తుంది.

ట్యూబా వద్దు... డ్రమ్స్ ముద్దు

జెర్రీ అబాట్, కరోలిన్ దంపతులకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు విన్సెంట్ పాల్ 1964లో పుట్టాడు. అందరూ విన్నీ అని పిలిచేవారు. రెండేళ్ల తర్వాత 1966లో డారెల్ పుట్టాడు. జెర్రీది కంట్రీ సంగీతం. పాటలు రాసేవాడు, రికార్డు చేసేవాడు. ఆర్లింగ్టన్‌ని ఆనుకునే ఉండే పాంటెగో అనే చిన్న ఊళ్లోని స్టూడియో ఆయన పని చోటు.

విన్నీ ఓసారి బడి నుంచి ట్యూబా పట్టుకొచ్చాడు. అది మనిషంత ఉండే ఇత్తడి బాకా. దాన్ని చూసిన జెర్రీ 'దీంతో పైసా రాదు, తిరిగిచ్చేసి డ్రమ్స్ తెచ్చుకో' అన్నాడట. పెద్దయ్యాక విన్నీ ఈ సంగతి చాలాసార్లు నవ్వుతూ చెప్పుకున్నాడు. అన్న డ్రమ్స్ వాయిస్తుంటే తమ్ముడు ఊరుకుంటాడా? తనూ కర్రలు పట్టుకున్నాడు. కానీ అన్నంత బాగా రాలేదు, పైగా అన్న ఆ కుర్చీ వదిలితేనా! ఇక లాభం లేదని డారెల్ గిటార్ అడిగాడు. అప్పుడతనికి పన్నెండేళ్లు. మొదట్లో వాయించిందేమీ లేదు. మొహానికి రంగు పూసుకుని, 'కిస్' బ్యాండు గిటారిస్టు ఏస్ ఫ్రేలీలా అద్దం ముందు ఫోజులు పెట్టడమే.

1979లో అమ్మానాన్నా విడిపోయారు. పిల్లలు తల్లి దగ్గర ఉండిపోయారు. చాలా కుటుంబాల్లో అక్కడితో తండ్రి దూరమవుతాడు. ఇక్కడ అలా జరగలేదు. జెర్రీ దగ్గర్లోనే ఉండేవాడు. స్టూడియో తలుపులు కొడుకుల కోసం ఎప్పుడూ తెరిచే ఉండేవి. అక్కడ రికార్డింగుకి వచ్చే టెక్సస్ బ్లూస్ గిటారిస్టుల వేళ్లను చూస్తూ డారెల్ నేర్చుకున్నాడు. శబ్దాన్ని ఎలా పట్టాలో, ఎలా కలపాలో విన్నీ చూస్తూ నేర్చుకున్నాడు. కరోలిన్ కూడా కొడుకుల సంగీతానికి ఎప్పుడూ అడ్డు చెప్పలేదు.

ఆ ఒక్క షరతు

1981. విన్నీతో పాటు చదివే టెర్రీ గ్లేజ్, టామీ బ్రాడ్‌ఫర్డ్, డానీ హార్ట్ కలిసి బ్యాండు పెడుతూ అతన్నీ రమ్మన్నారు. అప్పుడే విన్నీ తమ్ముడి సంగతి తేల్చి చెప్పాడు. డారెల్ తమకంటే రెండేళ్లు చిన్న, పైగా అప్పటికి అంత బాగా వాయించేవాడు కూడా కాదని, అందుకే అతన్ని తీసుకోవడం తమకు ఇష్టం లేదని గ్లేజ్ తర్వాతి రోజుల్లో ఒప్పుకున్నాడు.

మంచి డ్రమ్మర్ కావాలంటే మాత్రం వేరే దారి లేదు. అలా పుట్టింది పాంటెరా. స్పానిష్‌లో ఆ మాటకు చిరుత అని అర్థం.

ఆ తర్వాత డారెల్ గదిలోంచి బయటికొస్తే ఒట్టు! టెక్సస్‌లో జరిగే గిటార్ పోటీలకు వెళ్లడం, బహుమతి పట్టుకురావడం... ఇదే పని. చివరికి నిర్వాహకులు 'నువ్విక పోటీ చేయొద్దు, న్యాయనిర్ణేతగా కూర్చో' అన్నారు. అలా గెలిచిన గిటార్లలో ఒకటి రెండు కొమ్ములున్న 'డీన్ ఎంఎల్'. కారు మోజులో దాన్ని అమ్మేశాడు. చేతులు మారిన ఆ గిటార్ బడ్డీ బ్లేజ్ అనే గిటార్ల తయారీదారు దగ్గరికి చేరింది. ఆయన దానికి నీలి రంగు వేసి, మెరుపులు చిత్రించి మళ్లీ డారెల్‌కే ఇచ్చాడు. పాంటెరా అభిమానుల గోడల మీద పోస్టర్లలో కనిపించేది ఆ గిటారే.

నాన్నే నిర్మాత

కొత్త కుర్రాళ్లకు ఏ కంపెనీ ఆల్బమ్ చేసి పెడుతుంది? కంపెనీలు పట్టించుకోకపోతే ఏం, ఇంట్లోనే అన్నీ ఉన్నాయి. స్టూడియో నాన్నది. రికార్డు చేసేది నాన్న. విడుదల చేయడానికి 'మెటల్ మ్యాజిక్ రికార్డ్స్' అంటూ సొంత లేబుల్ పెట్టుకున్నారు. 1982లో రెక్స్ బ్రౌన్ బేస్ గిటార్ అందుకున్నాడు. గాయకుడు వెళ్లిపోతే గ్లేజ్ పాడటం మొదలుపెట్టాడు. 1983లో మెటల్ మ్యాజిక్, 1984లో ప్రాజెక్ట్స్ ఇన్ ద జంగిల్, 1985లో ఐ యామ్ ద నైట్... ఏడాదికొకటి చొప్పున మూడు ఆల్బమ్‌లు వచ్చాయి.

అప్పటి ఫొటోలు చూస్తే నవ్వొస్తుంది. గాలికి లేచిన జుట్టు, ఒంటికి అతుక్కున్న మెరుపు దుస్తులు. రాత్రయితే క్లబ్బుల్లో కచేరీలు. టెక్సస్‌లోనూ, చుట్టుపక్కల రాష్ట్రాల్లోనూ పేరొచ్చింది కానీ ఆ గిరి దాటి బయటికి పోలేదు. 1986లో గ్లేజ్ కూడా బ్యాండు విడిచిపెట్టాడు.

పేరే 'పవర్ మెటల్'

ఎంతోమందిని ప్రయత్నించి చూశాక న్యూ ఆర్లియన్స్ నుంచి ఫిలిప్ అన్సెల్మో వచ్చాడు. కొత్త గాయకుడితో 1988లో చేసిన ఆల్బమ్ పేరే 'పవర్ మెటల్'. సరిగ్గా ఆ రోజుల్లోనే జర్మనీలో హెలోవీన్ లాంటి బ్యాండులు వేగంగా ఉరికే గిటార్లు, ఆకాశాన్నంటే గొంతు, వీరగాథల్లాంటి పాటలతో ఓ కొత్త బాణీ కడుతున్నాయి. పవర్ మెటల్ అంటే ఇప్పుడు ఎక్కువగా గుర్తొచ్చేది ఆ యూరప్ బాణీనే. పాంటెరా ఆల్బమ్‌లోనూ వేగం ఉంది, అన్సెల్మో పైస్థాయిలో అందుకున్న కేకలున్నాయి. కానీ వీళ్ల దారి అప్పటికే మళ్లుతోంది. మెరుపు దుస్తులు పోయి జీన్సు, టీషర్టులు వచ్చాయి. పాటల్లో బరువు పెరిగింది. సొంత లేబుల్ మీద అదే ఆఖరి ఆల్బమ్. ఆ నాలుగింటినీ పక్కనపెట్టి, 1990లో వచ్చిన 'కౌబాయ్స్ ఫ్రమ్ హెల్' నుంచే తమ అసలు కథ మొదలైందన్నట్లు బ్యాండు మాట్లాడేది.

దానికి ముందే డారెల్‌కి ఓ పరీక్ష ఎదురైంది. 1989లో మెగాడెత్ నాయకుడు డేవ్ మస్టేన్ అతన్ని తన బ్యాండులోకి పిలిచాడు. అప్పటికే ప్రపంచమంతా తెలిసిన బ్యాండు అది. టెక్సస్ క్లబ్బుల్లో వాయించుకునే ఇరవై రెండేళ్ల కుర్రాడికి అంతకంటే ఏం కావాలి? డారెల్ మాత్రం 'మా అన్నని కూడా తీసుకోవాలి' అన్నాడు. మెగాడెత్‌కి అప్పటికే డ్రమ్మర్ ఉన్నాడు. అంతే... డారెల్ వెళ్లలేదు. ఎనిమిదేళ్ల కిందట అన్న పెట్టిన షరతు బాకీని తమ్ముడు అలా తీర్చేశాడు!

నలుగురే... నలభై మంది హోరు

ఆట్కో అనే పెద్ద సంస్థ పాంటెరాతో ఒప్పందం కుదుర్చుకుంది. అయినా 'కౌబాయ్స్ ఫ్రమ్ హెల్' రికార్డింగు ఎక్కడ జరిగిందనుకున్నారు? నాన్న పనిచేసే పాంటెగో స్టూడియోలోనే. 1991 సెప్టెంబరులో మాస్కో దగ్గరి తుషినో విమానాశ్రయ మైదానంలో ఏసీడీసీ, మెటాలికాలతో కలిసి లక్షల జనం ముందు వాయించారు. 1992లో 'వల్గర్ డిస్‌ప్లే ఆఫ్ పవర్' వచ్చింది. 1994 మార్చిలో 'ఫార్ బియాండ్ డ్రివెన్' విడుదలవుతూనే అమెరికా బిల్‌బోర్డ్ ఆల్బమ్‌ల జాబితాలో మొదటి స్థానంలో కూర్చుంది. అంత కటువైన సంగీతం నేరుగా ఆ కుర్చీ ఎక్కడం సంగీత కంపెనీలకే నమ్మశక్యం కాలేదు. గ్రామీకి నాలుగుసార్లు నామినేషన్ దక్కింది.

ఆ సంగీతంలోని కిటుకు కూడా అన్నదమ్ముల దగ్గరే ఉంది. చాలా మెటల్ బ్యాండుల్లో గిటారిస్టులు ఇద్దరుంటారు. ఇక్కడ డారెల్ ఒక్కడే. అతని గిటార్ దెబ్బ ఎక్కడ పడితే సరిగ్గా అక్కడే విన్నీ కాలికింది డ్రమ్ము పడేది. రెండూ కలిసి ఒకే వాయిద్యంలా వినిపించేవి. వేగం కంటే ఊపు ముఖ్యం. తల దానంతటదే ఊగాలి. దీనికే తర్వాత 'గ్రూవ్ మెటల్' అని పేరొచ్చింది. చిన్నప్పటి నుంచీ ఒకే ఇంట్లో కలిసి సాధన చేసిన ఇద్దరి మధ్యే అలాంటి పొందిక సాధ్యం. డైమండ్ డారెల్ అని పిలిపించుకున్న తమ్ముడు ఈ రోజుల్లోనే 'డైమ్‌బ్యాగ్' డారెల్ అయ్యాడు.

మధ్యలో గోడ

బయట పేరు పెరుగుతుంటే లోపల దూరమూ పెరిగింది. అన్సెల్మో వెన్నునొప్పితో బాధపడుతూ మత్తుమందులకు అలవాటుపడ్డాడు. 1996 ఆల్బమ్‌కి అన్నదమ్ములూ, రెక్స్ టెక్సస్‌లో డారెల్ ఇంటి పెరట్లోని స్టూడియోలో వాయిస్తే, అన్సెల్మో తన భాగం న్యూ ఆర్లియన్స్‌లో పాడి పంపాడు. అదే ఏడాది జులైలో ఓ కచేరీ తర్వాత హెరాయిన్ మోతాదు మించి చావు అంచుల దాకా వెళ్లొచ్చాడు.

1999లో కరోలిన్ క్యాన్సర్‌తో కన్నుమూసింది. కొడుకులిద్దరూ కుంగిపోయారు. 2000లో 'రీఇన్వెంటింగ్ ద స్టీల్' వచ్చింది. అదే పాంటెరా చివరి ఆల్బమ్ అవుతుందని ఎవరికీ తెలియదు. 2001 ఆగస్టులో జపాన్‌లోని యొకొహామాలో వాయించారు. సెప్టెంబరు 11 దాడుల రోజున ఐర్లాండ్‌లోని డబ్లిన్‌లో చిక్కుకుపోయారు. పర్యటన రద్దయింది. ఇంటికొచ్చాక అన్సెల్మో తన ఇతర బ్యాండుల పనిలో పడిపోయాడు. అన్నదమ్ములు రెండేళ్లు ఎదురుచూశారు. 2003లో పాంటెరా ముగిసిపోయింది. పత్రికల్లో ఒకరి మీద ఒకరు మాటల తూటాలు విసురుకోవడం మాత్రం ఆగలేదు.

డిసెంబరు 8, 2004

అన్నదమ్ములు కుంగిపోతూ కూర్చోలేదు. 'డ్యామేజ్‌ప్లాన్' అని కొత్త బ్యాండు పెట్టి, 2004లో ఆల్బమ్ తెచ్చారు. మైదానాలు నింపినవాళ్లు మళ్లీ చిన్న చిన్న క్లబ్బులకు వచ్చారు. బస్సెక్కారు, ఊరూరా తిరిగారు.

ఆ రాత్రి ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లోని అల్‌రోసా విల్లా క్లబ్బు. వేదిక ఎక్కబోతూ అన్నదమ్ములు ఒకరితో ఒకరు 'వాన్ హేలెన్' అనుకున్నారు. చిన్నప్పుడు ఆరాధించిన బ్యాండు పేరది. 'సరదాగా చెలరేగిపోదాం' అని వాళ్లిద్దరికే తెలిసిన సంకేతం. తాము చెప్పుకున్న ఆఖరి మాట అదేనని విన్నీ తర్వాత గుర్తుచేసుకున్నాడు. మొదటి పాట సాగుతుండగానే ఓ యువకుడు తుపాకీతో వేదిక మీదికి వచ్చి డారెల్‌ని కాల్చేశాడు. డ్రమ్స్ వెనక కూర్చున్న అన్న కళ్లముందే! అడ్డుపడిన ఇద్దరు సిబ్బంది, సాయం చేయబోయిన ఓ అభిమాని కూడా ప్రాణాలు కోల్పోయారు. పోలీసు అధికారి కాల్పుల్లో హంతకుడూ చనిపోయాడు. ఎందుకు చేశాడన్నది స్పష్టంగా తేలనేలేదు. డారెల్‌కి అప్పుడు 38 ఏళ్లు.

ఆర్లింగ్టన్‌లో తల్లి సమాధి పక్కనే అతన్ని ఖననం చేశారు. డారెల్ చనిపోవడానికి కొద్దిరోజుల ముందు ఎడ్డీ వాన్ హేలెన్‌ని ఆయన గీతల గిటార్ లాంటిది ఒకటి చేయించి ఇమ్మని అడిగాడు. ఎడ్డీ నకలు ఇవ్వలేదు. పసుపు, నలుపు గీతలున్న తన అసలు గిటార్‌నే తెచ్చి శవపేటికలో పెట్టాడు. అన్సెల్మోని మాత్రం అంత్యక్రియలకు రావద్దన్నారు.

మారని షరతు

విన్నీ కోలుకోవడానికి చాలాకాలం పట్టింది. 2006లో 'హెల్‌యా' అనే బ్యాండులో మళ్లీ కర్రలు పట్టాడు. పాంటెరాని తిరిగి నిలబెట్టమని అభిమానులు అడుగుతూనే ఉన్నారు. ఎన్నిసార్లు అడిగినా విన్నీ ఒప్పుకోలేదు. అన్సెల్మోతో మాట్లాడనూ లేదు. పదిహేడేళ్లప్పుడు 'తమ్ముడుంటేనే వస్తా' అన్నవాడు యాభై దాటినా ఆ మాట మీదే ఉన్నాడు. 2018 జూన్‌లో 54వ ఏట గుండెజబ్బుతో చనిపోయాడు. అమ్మ, తమ్ముడు ఉన్న చోటే అతన్నీ ఉంచారు.

2022లో అన్సెల్మో, రెక్స్ కలిసి జాక్ వైల్డ్ గిటార్‌తో, చార్లీ బెనాంటే డ్రమ్స్‌తో పాంటెరా పేరు మీద మళ్లీ వేదికెక్కారు. అన్నదమ్ముల ఆస్తి వ్యవహారాలు చూసేవాళ్లు అంగీకరించారు. ఇద్దరూ డారెల్‌కీ, విన్నీకీ ఆప్తులే. అయినా అభిమానులు రెండుగా చీలిపోయారు. పాటలు బతకాలి కదా అని కొందరు, అబాట్‌లు లేని పాంటెరా ఏమిటని కొందరు. 2016లో డారెల్ స్మారక కచేరీలోనే అన్సెల్మో నాజీ తరహాలో చెయ్యెత్తి అరవడం, తర్వాత క్షమాపణ చెప్పుకోవడం ఇంకా ఎవరూ మరిచిపోలేదు. ఆ నిరసనల మధ్యే 2023లో జర్మనీలోని రెండు పెద్ద ఉత్సవాలు పాంటెరా కచేరీలను రద్దుచేశాయి. మరోపక్క మెటాలికా పర్యటనలో మాత్రం పాంటెరా పాటలకు స్టేడియాలు ఊగిపోయాయి.

2024 ఏప్రిల్‌లో జెర్రీ అబాట్ కూడా కన్నుమూశాడు. 'ట్యూబా వద్దు, డ్రమ్స్ తెచ్చుకో' అన్న తండ్రి... ఇద్దరు కొడుకులూ వెళ్లిపోయాక కూడా కొన్నేళ్లు బతికాడు. అబాట్‌ల ఇంట్లో మొదలైన బ్యాండు ఈసారి ఆ ఇంటివాళ్లు ఒక్కరూ లేకుండా సాగింది. అన్న కొట్టిన దెబ్బ మీదే తమ్ముడి గిటార్ పడే ఆ చప్పుడు మాత్రం పాత రికార్డుల్లో అలాగే ఉంది. వినాలనుకుంటే... సౌండు కాస్త పెంచాల్సిందే!

*

రక్తసంబంధం... రాక్ సంబంధం!

వాన్ హేలెన్: ఎడ్డీ గిటార్, అన్న అలెక్స్ డ్రమ్స్. 2020లో ఎడ్డీ మరణంతో బ్యాండు ముగిసిపోయింది.

ఏసీడీసీ: మాల్కమ్, ఆంగస్ యంగ్ సోదరులు 1973లో సిడ్నీలో మొదలుపెట్టారు. తొలి ఆల్బమ్‌ల నిర్మాణంలో వాళ్లన్న జార్జ్ హస్తముంది. 2014లో మాల్కమ్ తప్పుకుంటే అతని స్థానంలోకి అన్న కొడుకు స్టీవీ వచ్చాడు.

సెపుల్తురా: బ్రెజిల్‌లో 1984లో మ్యాక్స్, ఇగోర్ కవలేరా సోదరులు పెట్టారు. 1996లో మ్యాక్స్ బయటికొచ్చేశాడు. అన్నదమ్ములు పదేళ్లు మాట్లాడుకోలేదు. మళ్లీ కలిసి 'కవలేరా కాన్‌స్పిరసీ' పెట్టుకున్నారు.

గొజీరా: ఫ్రాన్స్‌కి చెందిన జో, మారియో డుప్లాంటియే సోదరుల బ్యాండు. 2024 పారిస్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో వాయించింది.