గుల్లలో మోసుకెళ్ళే సముద్రం

బొగ్గు గనుల నడుమనున్న కమాన్‌పూర్‌లో ఎండ్రకాయ అంటే చెరువు కట్టల్లో, పొలం గట్లలో బొరియ తవ్వుకునే జీవి. ఒళ్ళంతా గట్టి పెంకు ఉండటం దాని గుర్తు. ఆ పక్కగా సాగిన గోదావరి కోరింగ మడ అడవుల వైపు వెళ్ళి సముద్రంలో కలిసే తీరంలో మాత్రం, నడుము కింది భాగానికి పెంకే లేక, చచ్చిన నత్త వదిలిన గుల్లలో దూరి, దాన్ని ఈడ్చుకుంటూ తిరిగే దాని దూరపు చుట్టం కనిపిస్తుంది. దీన్ని తెలుగులో సన్యాసి పీత అంటారు. ఇందులో ఒక ప్రజాతికి, పెద్ద జాడీలో నివసించాడని చెప్పే గ్రీకు తత్త్వవేత్త డయోజెనిస్ పేరే పెట్టారు.

గుల్లను తయారుచేసింది నత్త, వాడుకున్నది పీత. సున్నపు పదార్థంతో మెలిక తిరిగిన ఆ గూటికి సరిపడేలా పీత మెత్తని పొట్ట కూడా కుడివైపు మెలి తిరిగి, తోక చివరి కొక్కేల్లాంటి అవయవాలతో గుల్ల నడిమి స్తంభాన్ని పట్టుకుంటుంది. ఈ ఏర్పాటు ఎంత పాతదో ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో దొరికిన శిలాజం చెబుతుంది: సుమారు 13 కోట్ల ఏళ్ళ నాడు ఒక సన్యాసి పీత, ఇప్పుడు పూర్తిగా అంతరించిన అమ్మోనైట్ అనే జీవి గుల్లలో కాపురముంది. రామగుండం బొగ్గు మాత్రం ఆ శిలాజానికి దాదాపు రెట్టింపు వయసుది.

సముద్రపు సన్యాసి పీతకు గుల్ల ప్రధానంగా కవచం. చుట్టూ ఉన్న నీళ్ళలోని ప్రాణవాయువును అది మొప్పలతో తీసుకుంటుంది కనుక ఊపిరి కోసం గుల్ల మీద ఆధారపడదు. కొన్ని జాతులు శత్రువులను కుట్టే సముద్రపు ఎనిమోన్లను గుల్లపై నాటుకుని రక్షణ పెంచుకుంటాయి. తెలుగువారు గణనీయంగా స్థిరపడిన అండమాన్ దీవుల ఒడ్డున తిరిగే నేల సన్యాసి పీత సంగతి వేరు. శాస్త్రవేత్తలు సీనోబైటా అని పిలిచే ఈ ప్రజాతిలో మొప్పలు చిన్నవై, పెంకు లోపలి గదుల గోడలు, పొట్ట మీది పలుచని చర్మం గాలిని పీల్చే పని అందుకున్నాయి. ఆ పని జరగాలంటే అవి తడిగా ఉండాలి. అందుకే ఈ పీత గుల్లలో కాసిని నీళ్ళు నిలుపుకుని, ఎండ ముదిరితే లోపలికి ముడుచుకుని పెద్దదైన ఎడమ కొండిని తలుపులా అడ్డం పెడుతుంది. గుల్ల పోతే ఎండి చస్తుంది. నీళ్ళలో ఎక్కువసేపు ముంచితే ఊపిరాడక చస్తుంది.

గని ప్రాంతపు పాఠకులకు దీన్ని పోల్చి చెప్పడం తేలిక. రామగుండం రెస్క్యూ స్టేషన్‌లో తర్ఫీదు పొందినవారు విషవాయువు నిండిన గనిలోకి దిగేటప్పుడు పైనున్న గాలిని వీపున మోసుకెళ్ళినట్టే, నేల పీత తాను విడిచి వచ్చిన సముద్రాన్ని వెంట మోసుకొస్తుంది. విడిచిన ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువును క్షారంతో తొలగించి, ప్రాణవాయువు కలిపి మళ్ళీ అందించే పరికరాన్ని ఇంగ్లండుకు చెందిన హెన్రీ ఫ్లూస్ 1878లో రూపొందించాడు. 1880లో అలెగ్జాండర్ లాంబర్ట్ అనే గజ ఈతగాడు దానితోనే నీట మునిగిన సెవర్న్ సొరంగంలోకి వెళ్ళి తలుపు మూశాడు. నీళ్ళలో పనికొచ్చిన ఆ సూత్రమే తర్వాత గనుల రక్షక దళాలకూ ఆధారమైంది. పీత ప్రయాణం కూడా నీటి నుంచి నేలకే.

అయితే నేల మీద మంచి గుల్లలు దొరకడం కష్టం. కోస్టారికా తీరంలో మార్క్ లైడ్రే అనే జీవశాస్త్రవేత్త జరిపి, 2012లో ప్రచురించిన పరిశీలనల ప్రకారం నేల పీతలు గుల్ల నడిమి స్తంభాన్ని అరగదీసి, లోపలంతా విశాలంగా, తేలికగా మార్చుకుంటాయి. అలా బాగుచేసిన గుల్లే తరతరాలుగా చేతులు మారుతుంది. గోదావరిఖనిలో ఒకరు రిటైరై క్వార్టర్ ఖాళీ చేస్తే ఇంకొకరు అందులోకి, వారి దాంట్లోకి మరొకరు మారినట్టే, ఒక పెద్ద గుల్ల ఖాళీ అయితే పీతలు వరసగా ఇళ్ళు మారతాయి.

నికోబార్‌లో కనిపించే కొబ్బరి పీత ఈ కుటుంబంలోదే. చిన్నతనంలో గుల్ల మోసి, ఎదిగాక దాన్ని వదిలేసి, పొట్టను గట్టిపరచుకుని నాలుగు కిలోల దాకా పెరుగుతుంది. అదైనా, సీనోబైటా అయినా, గుడ్లు విడవడానికి మళ్ళీ సముద్రపు అంచుకు రావలసిందే, ఎందుకంటే పిల్లలు వారాల తరబడి ఉప్పునీళ్ళలోనే తేలుతూ పెరుగుతాయి.

ఇళ్ళు మారే ఈ అలవాటే నేడు వాటికి ప్రాణాంతకమైంది. చచ్చిన పీత వాసన గుల్ల ఖాళీ అయిందన్న కబురుగా పనిచేస్తుంది; ప్లాస్టిక్ సీసాలో ఇరుక్కుని ఒకటి చస్తే, ఆ గుల్ల కోసం మిగతావీ అదే సీసాలోకి దిగుతాయి. హిందూ మహాసముద్రంలోని కోకోస్ దీవుల్లోనూ, పసిఫిక్‌లోని హెండర్సన్ దీవిలోనూ ఇలా సుమారు 5,70,000 పీతలు చనిపోయి ఉంటాయని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. గనుల ప్రాంతం నుంచి విశాఖ, కాకినాడ తీరాలకు వెళ్ళేవారు సీసాలను వెంట తెచ్చేసుకుని, ఖాళీ గుల్లలను మాత్రం ఇసుక మీదే ఉంచి రావాలి.