కూలిన నగరానికి అచ్చువేసిన పటం

1524లో జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో ఒక లాటిన్ పుస్తకం అచ్చయింది. స్పెయిన్ సేనాని హెర్నాన్ కోర్టెస్ తన చక్రవర్తికి రాసిన రెండో లేఖకు అది అనువాదం. దాంతోపాటు చెక్క అచ్చుతో ముద్రించిన ఒక మడత పటం కూడా వచ్చింది. అందులో సరస్సు నడుమ గుండ్రటి నగరం, దాన్ని ఒడ్డుతో కలిపే కట్టలు, నీళ్లలో పడవలు కనిపిస్తాయి. అజ్టెక్‌ల రాజధాని టెనోచ్టిట్లాన్‌ను యూరప్ పాఠకులు మొదట చూసింది ఇందులోనే.

అప్పటికి ఆ నగరం లేదు. 1521 ఆగస్టు 13న అది కోర్టెస్‌కు, అతనితో చేతులు కలిపిన స్థానిక సైన్యాలకు లొంగిపోయింది. అంతకుముందు నెలల తరబడి సాగిన ముట్టడిలోనే వాళ్లు ఇళ్లు కూలగొట్టి, ఆ శిథిలాలతో కాలువలు పూడ్చేశారు.

పటంలోని ఇళ్లూ గోపురాలూ యూరప్ ఊళ్లలో ఉండేవాటిలాగే ఉన్నాయి. ఒడ్డున ఆ చక్రవర్తిదైన హాబ్స్‌బర్గ్ వంశపు జెండా ఎగురుతోంది. నట్టనడుమ చతురస్రాకారపు గుడి ప్రాంగణంలో బలైనవాళ్ల పుర్రెల వరసలు, తల లేని విగ్రహం ఉన్నాయి. దండయాత్ర న్యాయమేనని పాఠకుణ్ణి ఒప్పించడానికి ఆ పుర్రెలు చాలు.

కానీ అదే ప్రాంగణాన్ని ఇంకాస్త నిదానంగా చూడాలి. జంట ఆలయాల మధ్య నుంచి ముఖమున్న సూర్యుడు తొంగిచూస్తున్నాడు. పగలూ రాత్రీ సమానమయ్యే రోజున సూర్యుడు ఆ గుడి నడుమ ఉంటాడని స్పానిష్ సన్యాసి మోటోలీనియా రాశాడు. న్యూరెంబర్గ్‌లో చెక్క చెక్కే పనివాడికి ఈ సంగతి ఎలా తెలుస్తుంది? అందుకే, ఈ పటం వెనక స్థానికులు గీసిన మూలం ఒకటి ఉండి ఉంటుందని కళాచరిత్రకారిణి బార్బరా మండీ వాదించారు. ఉప్పునీటిని మంచినీటి నుంచి వేరుచేసే ఆనకట్ట, చపుల్టెపెక్ ఊటల నీటిని ఊళ్లోకి తెచ్చే కాలువ కూడా పటంలో ఉన్నాయి. ఆ నీళ్లతో బతికినవాళ్లకే ఇంత వివరంగా తెలిసే సంగతులివి.

తర్వాత ఈ బొమ్మ చేతులు మారుతూ పోయింది. 1528లో వెనిస్‌లో బెనెడెట్టో బోర్డోనె తన ద్వీపాల పుస్తకంలో దీన్ని చేర్చాడు. తమ ఊరిలాగే నీళ్లలో కట్టిన నగరమంటే వెనిస్‌వాసులకు ఆసక్తి ఉండదా మరి!

ఇక 1550 ప్రాంతంలో స్థానిక చిత్రకారులు గీసిన మరో పటం ఉంది. ఇప్పుడది స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో భద్రంగా ఉంది. అందులో కూలిన టెనోచ్టిట్లాన్ చోటే చర్చిలతో కొత్తగా లేచిన మెక్సికో నగరం, చేపలు పట్టేవాళ్లు, పిట్టలకు వల పన్నేవాళ్లు, మనుషుల అడుగులూ గుర్రపు డెక్కల గుర్తులూ పడిన దారులు ఉన్నాయి. అయితే అది చేతిరాత పటంగానే ఉండిపోయింది. 1572లో బ్రౌన్, హోగెన్‌బర్గ్‌ల నగరపటాల సంపుటం కొన్న యూరప్ పాఠకుడికి మాత్రం అప్పటికి యాభై ఏళ్ల కిందటే కూలిపోయిన ఆ పాత నగరమే దొరికింది.