ఇంటి కంప్యూటర్‌లో తాళాల గుత్తి ఎవరి చేతిలో ఉండాలి?

రాయ్‌పూర్: ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌లో పండ్రీ వస్త్ర మార్కెట్‌కు చేరువలో ఉన్న నివాస ప్రాంతం దేవేంద్ర నగర్. వ్యాపారులు, ఉద్యోగులు, విద్యార్థులు కలిసి నివసించే ఇటువంటి ప్రాంతాల్లో ఇంటిల్లిపాదికీ ఒకే కంప్యూటర్ ఉండటం మామూలే. పగలు పిల్లల పాఠాలు, సాయంత్రం ఆటలు, రాత్రి దుకాణం లెక్కలు, జీఎస్టీ రిటర్నులు, బ్యాంకు చెల్లింపులు అన్నీ దానిలోనే సాగుతాయి. అయితే చాలా ఇళ్లలో కంప్యూటర్‌తోపాటు అందులోని ఖాతా కూడా ఒక్కటే ఉంటుంది. అది సర్వాధికారాలు గల నిర్వాహక ఖాతా, అంటే అడ్మినిస్ట్రేటర్ అకౌంట్ అయి ఉంటుంది. అసలు చిక్కు అక్కడే ఉన్నది.

ఉచితంగా దొరికిందని పిల్లవాడు ఒక ఆటను దించుకుని నడిపితే, ఆ ఆటకు కూడా నిర్వాహకుని అధికారాలు పొందే దారి తెరుచుకుంటుంది. అందులో హానికరమైన ప్రోగ్రామ్ దాగి ఉంటే అది తండ్రి దాచుకున్న లెక్కల ఫైళ్లను, తల్లి బ్యాంకు పనికి వాడే బ్రౌజర్‌ను, యాంటీవైరస్ అమరికలను సైతం తాకగలదు. తప్పు ఒకరిది, నష్టం ఇంటిల్లిపాదిది. దీనిని నివారించడానికి డబ్బు ఖర్చు చేయనవసరం లేదు. కావలసిన సాధనం ప్రతి కంప్యూటర్‌లోనూ ముందే ఉన్నది. ఖాతాలను వేరు చేయడమే ఆ సాధనం.

రెండు ఖాతాల మధ్య తేడా

నిర్వాహక ఖాతా ఇంటి తాళాల గుత్తి వంటిది. కొత్త ప్రోగ్రామ్‌లను కంప్యూటర్ అంతటికీ వర్తించేలా స్థాపించడం, తొలగించడం, ప్రింటర్ వంటి పరికరాలకు డ్రైవర్లు చేర్చడం, భద్రతా అమరికలు మార్చడం, ఇతరుల ఖాతాలు సృష్టించడం, వారి పాస్‌వర్డ్‌లు మార్చడం, వారి ఫోల్డర్లు తెరవడం దీని అధికారాలు.

పరిమిత ఖాతా తన గది తాళం మాత్రమే కలిగిన మనిషి వంటిది. ఆ ఖాతాలో పత్రాలు రాసుకోవచ్చు, అంతర్జాలం చూడవచ్చు, పాటలు వినవచ్చు, ముందే స్థాపించిన ప్రోగ్రామ్‌లన్నీ వాడుకోవచ్చు. కానీ విండోస్ మూల ఫోల్డర్లలో మార్పులు చేయడానికి గానీ, ఇతరుల ఫైళ్లు చూడటానికి గానీ వీలుండదు. విండోస్ ఎక్స్‌పీ కాలంలో దీనిని లిమిటెడ్ అకౌంట్ అన్నారు. తర్వాతి కూర్పుల్లో స్టాండర్డ్ యూజర్ అని పేరు మార్చారు.

రోజువారీ పనుల్లో అత్యధిక భాగానికి పరిమిత ఖాతా సరిపోతుంది. నిర్వాహక అధికారం అవసరమయ్యేది ఎప్పుడో ఒకసారి మాత్రమే.

ఈ విభజన వెనుక కథ

బెల్ ల్యాబ్స్‌లో రూపొందిన యూనిక్స్ వ్యవస్థలో సర్వాధికారి అయిన రూట్ ఖాతా, సాధారణ ఖాతాలు తొలి నుంచీ వేర్వేరుగా ఉండేవి. ఒకే యంత్రాన్ని పలువురు పంచుకునే రోజులు కావడంతో ఈ విభజన తప్పనిసరి అయింది. ప్రతి ప్రోగ్రామూ, ప్రతి వినియోగదారూ తమ పనికి అవసరమైనంత అధికారంతోనే నడుచుకోవాలన్న సూత్రాన్ని జెరోమ్ సాల్ట్‌జర్, మైఖేల్ ష్రోడర్ అనే శాస్త్రవేత్తలు 1975లో ప్రచురించిన పరిశోధన వ్యాసంలో స్పష్టంగా సూత్రీకరించారు. కనీస అధికార సూత్రంగా అది నేటికీ భద్రతా శాస్త్రానికి పునాదిగా నిలిచింది.

ఇంటి కంప్యూటర్లు మాత్రం ఒక్కరి వాడకం కోసమే అన్న భావనతో ఎదిగాయి. విండోస్ 98లో లాగిన్ తెర వచ్చినా ఎస్కేప్ మీట నొక్కితే దానిని దాటిపోవచ్చు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ ఇళ్లకు నిజమైన ఖాతా విభజనను తెచ్చింది. అయినా స్థాపన సమయంలో సృష్టించిన ఖాతాలన్నిటికీ నిర్వాహక హోదాయే దక్కడంతో పరిమిత ఖాతాలను వాడినవారు తక్కువ. 2007లో విండోస్ విస్టాతో యూజర్ అకౌంట్ కంట్రోల్ అనే ఏర్పాటు వచ్చింది. ఏదైనా ప్రోగ్రామ్ కీలక మార్పు చేయబోతే తెర మసకబారి అనుమతి అడిగే పద్ధతి అదే.

ఈ ఏర్పాటు ఉన్నప్పుడు వేరే ఖాతా ఎందుకన్న సందేహం సహజం. నిర్వాహక ఖాతాలో ఉన్నవారికి ఆ తెరపై 'అవును' అనే మీట నొక్కితే చాలు, పని జరిగిపోతుంది. తరచూ ఎదురయ్యే ప్రశ్నకు చదవకుండానే జవాబు ఇవ్వడం మనిషికి అలవాటు. పరిమిత ఖాతాలో అదే ప్రశ్న వచ్చినప్పుడు నిర్వాహకుని పాస్‌వర్డ్ కావాలి. పాస్‌వర్డ్ తెలియని పిల్లవాడు పెద్దలను పిలవక తప్పదు. తెలిసిన పెద్దలు కూడా దానిని టైపు చేసే ముందు ఒక్క క్షణం ఆగి చూస్తారు. ఆ ఒక్క క్షణమే రక్షణ.

ఇంటి యజమానికీ పరిమిత ఖాతాయే

ఈ విషయంలో ఎక్కువ మంది పొరబడేది ఒకచోట ఉన్నది. పిల్లలకు పరిమిత ఖాతా ఇచ్చి, ఇంటి పెద్ద మాత్రం నిర్వాహక ఖాతాలోనే రోజువారీ పనులు చేసుకుంటారు. ఈమెయిల్‌లో బిల్లు పేరిట వచ్చిన నకిలీ ఫైలును తెరిచే అవకాశం వ్యాపార లావాదేవీలు చూసే పెద్దలకే ఎక్కువ. కనుక నిర్వాహక ఖాతా ఎవరి నిత్య ఖాతా కాకూడదు. దానిని బీరువాలో దాచిన తాళంలా విడిగా ఉంచి, ఇంట్లో ప్రతి ఒక్కరూ పరిమిత ఖాతాలోనే పని చేసుకోవాలి.

మార్చుకునే క్రమం

ఇప్పటికే వాడుతున్న ఖాతాలోని ఫైళ్లు, అమరికలు చెదరకుండా ఈ మార్పు చేయవచ్చు. క్రమం తప్పకుండా ఉంటే చాలు.

మొదట విండోస్ 11లో సెట్టింగ్స్ తెరిచి, అకౌంట్స్, ఆపై అదర్ యూజర్స్ విభాగంలో యాడ్ అకౌంట్ ఎంచుకుని కొత్త ఖాతా సృష్టించాలి. మైక్రోసాఫ్ట్ ఖాతా లేకుండా స్థానిక ఖాతాగా చేసుకునే వీలు అక్కడే ఉంటుంది. కొత్త ఖాతా సహజంగా స్టాండర్డ్ యూజర్‌గానే ఏర్పడుతుంది.

రెండవది, ఆ కొత్త ఖాతా పక్కన చేంజ్ అకౌంట్ టైప్ నొక్కి దానిని అడ్మినిస్ట్రేటర్‌గా మార్చాలి. పొడవైన, ఊహకు అందని పాస్‌వర్డ్ పెట్టాలి.

మూడవది, పాత ఖాతా నుంచి బయటికి వచ్చి కొత్త నిర్వాహక ఖాతాలో ప్రవేశించాలి. పాస్‌వర్డ్ సరిగా పనిచేస్తున్నదని నిర్ధారించుకున్న తర్వాతే పాత ఖాతాను స్టాండర్డ్ యూజర్‌గా మార్చాలి. ఈ వరుస తలకిందులైతే కంప్యూటర్‌లో నిర్వాహకుడే లేని పరిస్థితి తలెత్తవచ్చు.

నాలుగవది, కుటుంబంలో మిగిలిన వారికి ఒక్కొక్క పరిమిత ఖాతా ఏర్పాటు చేయాలి. అందరికీ అవసరమైన ఫైళ్లను పబ్లిక్ ఫోల్డర్‌లో ఉంచితే అన్ని ఖాతాల నుంచీ అందుబాటులో ఉంటాయి.

మ్యాక్ కంప్యూటర్లలో యూజర్స్ అండ్ గ్రూప్స్ విభాగంలోనూ, ఉబుంటు వంటి లినక్స్ వ్యవస్థల్లో యూజర్స్ విభాగంలోనూ ఇదే విభజన ఉంటుంది. పేర్లు వేరైనా సూత్రం ఒక్కటే.

ఎవరి ఖాతా వారికి ఉండటంలో మరో సౌలభ్యం ఉన్నది. రైల్వే కొలువుల వెంట తరాల కిందట వచ్చి రాయ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో పెద్దలు తెలుగులో రాసుకుంటే పిల్లలు హిందీలోనో, ఇంగ్లీషులోనో చదువుతుంటారు. తెలుగు కీబోర్డు, పెద్ద అక్షరాలు, ఇష్టమైన వెబ్‌సైట్ల పట్టిక ఎవరి ఖాతాలో వారు అమర్చుకోవచ్చు. విండోస్ హోమ్ సింగిల్ లాంగ్వేజ్ కూర్పులో తెరపై కనిపించే భాష ఒక్కటే ఉన్నా, టైపు చేసే భాషకు ఆ పరిమితి లేదు.

పరిమిత ఖాతా ఆపలేనివి

పరిమిత ఖాతా సర్వరోగ నివారిణి కాదు. ఫైళ్లను తాళం వేసి డబ్బు డిమాండ్ చేసే రాన్సమ్‌వేర్ పరిమిత ఖాతాలో ప్రవేశిస్తే, ఆ ఖాతాదారు సొంత పత్రాలు, ఫొటోలు పాడైపోతాయి. ఇతరుల ఖాతాల్లోని ఫైళ్లు మిగలవచ్చు గానీ, సొంతవాటిని తిరిగి తెచ్చేది విడి డిస్కులో దాచిన నకలు మాత్రమే. పని పూర్తయ్యాక ఆ డిస్కును కంప్యూటర్ నుంచి వేరు చేసి ఉంచాలి.

నవీకరణలు వాయిదా వేస్తే ఖాతా విభజన కూడా కాపాడలేదు. 2017 మే నెలలో వాన్నాక్రై రాన్సమ్‌వేర్ ఎవరూ ఏ మీటా నొక్కకుండానే నెట్‌వర్క్ ద్వారా పాకింది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. ఆ లోపాన్ని సరిచేసే నవీకరణను మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే విడుదల చేసింది. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసినందున, ఆ కూర్పు వాడుతున్న ఇళ్లలో ఈ అంశంపై ప్రత్యేక శ్రద్ధ అవసరం.

మోసగాళ్ల మాటలకు లొంగి ఓటీపీ చెప్పినా, నకిలీ బ్యాంకు పేజీలో వివరాలు నింపినా ఏ ఖాతా అయినా నిస్సహాయమే. సాంకేతిక సహాయం పేరిట ఫోన్ చేసి దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపే ప్రోగ్రామ్ స్థాపించమనే వారు నిర్వాహకుని పాస్‌వర్డ్ టైపు చేయమంటారు. అడగకుండా వచ్చిన ఫోన్‌కు ఆ పాస్‌వర్డ్ ఎన్నడూ ఇవ్వకూడదు.

కొన్ని పాత లెక్కల ప్రోగ్రామ్‌లు పరిమిత ఖాతాలో నడవక మొరాయిస్తాయి. ఆ ఒక్క కారణంతో ఖాతానే నిర్వాహక స్థాయికి పెంచితే శ్రమ అంతా వృథా అవుతుంది. ప్రోగ్రామ్ కొత్త కూర్పు తెచ్చుకోవడం మేలు.

తాళం పోతే ఎలా?

కంప్యూటర్ కొన్న రోజున దుకాణంలోని కుర్రవాడు ఏదో ఒక పాస్‌వర్డ్ పెట్టి ఇవ్వడం, ఏళ్ల తర్వాత అది ఎవరికీ గుర్తులేకపోవడం తరచూ జరిగేదే. కంప్యూటర్ ఇంటికి రాగానే నిర్వాహక ఖాతాలు ఎన్ని ఉన్నాయో చూసి, తెలియనివాటిని తొలగించి, పాస్‌వర్డ్ మార్చుకోవాలి. దానిని కాగితంపై రాసి, ఇంటి పత్రాలతోపాటు భద్రపరచడంలో తప్పు లేదు. తెరకు అంటించడమే తప్పు.

పాస్‌వర్డ్ ఒక్కరికే తెలిసి ఉండటం కూడా ప్రమాదమే. ఆ ఒక్కరు ఊరికి వెళ్లినా, అనారోగ్యం పాలైనా దుకాణం లెక్కలు నిలిచిపోతాయి. అందుకే ఇంట్లో మరొక బాధ్యత గల పెద్దకు ఆ కాగితం ఎక్కడ ఉన్నదో తెలిసి ఉండాలి. కొత్త కంప్యూటర్లలో డిస్కు మొత్తం గుప్తీకరణ అయి ఉండవచ్చు. దాని పునరుద్ధరణ తాళం 48 అంకెల పొడవు ఉంటుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో కంప్యూటర్‌ను సిద్ధం చేసినప్పుడు సాధారణంగా అది ఆ ఖాతాలోనే దాఖలవుతుంది. అది దుకాణదారు ఖాతా అయితే, అవసరమైన వేళ ఇంటివారికి సొంత ఫైళ్లే అందకుండా పోతాయి.

నిర్వాహకునికి బాధ్యత కూడా ఉన్నది. ఇతరుల ఫోల్డర్లు తెరిచే అధికారం ఉన్నంత మాత్రాన తెరవాలని కాదు. ఎదిగిన పిల్లల ఖాతాలో ఏ పరిమితులు పెట్టారో వారికి ముందే చెప్పడం వల్ల పట్టింపులు తగ్గుతాయి. చెప్పకుండా పెట్టిన తాళాన్ని పగలగొట్టే దారులు పిల్లలు త్వరగానే వెతుక్కుంటారు.

ఇన్ని జాగ్రత్తల తర్వాత కూడా డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930 సహాయ సంఖ్యకు ఫోన్ చేయాలి, లేదా కేంద్ర హోంశాఖ జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. హానికర ప్రోగ్రామ్‌లను తొలగించే ఉచిత సాధనాలు సెర్ట్-ఇన్ నిర్వహిస్తున్న సైబర్ స్వచ్ఛతా కేంద్రంలో లభిస్తాయి.

ఖాతాలు వేరు చేయడానికి పట్టేది అరగంట లోపే. ఇంటికి తాళం వేయకుండా ఊరికి వెళ్లని కుటుంబం, లెక్కలూ జ్ఞాపకాలూ దాచుకున్న కంప్యూటర్‌కు ఆ అరగంట కేటాయించడం దండగ కాదు.