నూట తొమ్మిదో కీర్తన

రేవులో కలాసీగా చేరిన కొత్తలో ఒక కాంట్రాక్టరు నా మూడు నెలల కూలి ఎగ్గొట్టాడు. ఆ రాత్రి మల్కాపురంలోని అద్దెగదిలో బైబిలు తెరిచి 109వ కీర్తన గట్టిగా చదివాను. శత్రువు ఆయుష్షు తగ్గాలని, పిల్లలు తండ్రిలేనివాళ్లు కావాలని, అప్పులవాళ్లు ఆస్తంతా ఊడ్చుకుపోవాలని ఉంటుందందులో. వాడి పేరు కలిపి మరీ చదివాను. అమ్మ విని, "దేవుడికే సెప్పు నాయనా. ఆడి గుమ్మంకాడికి మాత్రం ఎల్లకు" అంది.

ఇప్పుడు సండేస్కూల్లో పిల్లలు నన్నడిగేదీ అదే: శత్రువుల్ని ప్రేమించమన్న బైబిల్లో ఈ శాపాలేమిటి మాస్టారూ? లండన్ మిషనరీలు క్రాన్, డెగ్రాంజెస్ 1805లో మా విశాఖకే వచ్చి తెలుగు అనువాదం మొదలుపెట్టారు. 1812లో అచ్చయిన వాళ్ల మత్తయి సువార్తలో ఆ ప్రేమ మాట ఉంది. కీర్తనల్లో ఈ శాపాలూ ఉన్నాయి.

అన్నిటిలోకీ 137వది చదవడం కష్టం. క్రీ.పూ. 586 ప్రాంతంలో బబులోను సైన్యం యెరూషలేమును కూల్చి జనాన్ని చెరపట్టుకుపోయింది. ఆ చెరలోని ఏడుపు చివరికి శత్రువుల పసిబిడ్డలను బండకేసి కొట్టాలనేదాకా పోతుంది. ఆ బిడ్డలంటే మనలో అప్పుడే మొలిచే దురాశలనీ, బండ క్రీస్తనీ అన్నాడు ప్రాచీన సంఘపు బిషప్పు అగస్టీన్. బాగానే ఉంది గానీ, నాకది దాటవేతలా తోస్తుంది. ఏడ్చినవాళ్ల కళ్లముందు చచ్చింది నిజమైన పిల్లలు.

మెథడిస్టుల నాయకుడు వెస్లీ 1784లో క్రైస్తవుల నోట రాకూడదని తన ప్రార్థన పుస్తకంలోంచి కొన్ని కీర్తనలు తీసేశాడు. కాథలిక్కు గురువుల నిత్యప్రార్థన పుస్తకంలో 1971 నుంచి 58, 83, 109 లేవు. జర్మన్ పాస్టరు బోన్‌హోఫర్ మాత్రం 1937 జూలైలో, తోటి పాస్టరు నీమోలర్‌ను నాజీలు పట్టుకెళ్లిన కొద్దిరోజులకే, 58వ కీర్తన మీదే ప్రసంగించాడు. పాపులమైన మన నోటికి ఈ ప్రార్థన తగదు, క్రీస్తుకే తగుతుంది, ఆ శిక్షను ఆయనే మోశాడు అన్నది ఆయన వివరణ. పగ దేవుడికి వదిలి, ఆకలిగొన్న శత్రువుకు అన్నం పెట్టమని పౌలు రోమీయులకు రాశాడు. అమ్మకు అక్షరం రాదు. గుమ్మం దగ్గర ఆపింది.

109లోని శాపాలు అసలు శత్రువులే భక్తుడి మీద కురిపించినవనే పండితులూ ఉన్నారు. అది తెలిశాక ఆ రాత్రి తలుచుకుని సిగ్గుపడ్డాను. కుళాయి దగ్గర తగాదాకు, కోడలి మీద కోపానికి ఈ కీర్తన తీసేవాళ్లను మా పేటలో చూస్తున్నాను. దిక్కులేనివాడి మొర అది, పైచేయి ఉన్నవాళ్లు ముట్టకూడదు. ఎందుకంటే దాని ఆఖరి వచనంలో దేవుడు నిలబడేది బీదవాడి కుడిపక్కన.

నా మూడు నెలల కూలి మాత్రం రాలేదు.